పౌడర్ కోటింగ్ పెచ్చులూడకుండా ఇనుప గేటును ఎలా సిద్ధం చేయాలి?

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి ఏటా కొన్ని గేట్లు వస్తాయి, ఎక్కడో కోటింగ్ వేయించుకుని ఏడాది తిరక్కుండానే పెచ్చులూడినవి. అందరూ తిట్టేది పౌడర్‌నే, అంటే గేటు మీద చల్లి ఓవెన్‌లో కరిగించే పొడి రంగునే. ఊడిన పెచ్చును తిరగేసి చూడండి, వెనక తుప్పు పొడో, జిడ్డో కనిపిస్తుంది.

ముందు గ్రైండర్‌తో వెల్డింగ్ చుక్కలు గీకేయండి, పదునైన అంచులు కాస్త గుండ్రం చేయండి. అంచు మీద పౌడర్ పల్చబడుతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. బోల్టు మరలకు వేడి తట్టుకునే టేపు చుట్టండి. ఇదంతా అరగంట పని.

అసలు పని జిడ్డు తీయడం. కొత్త పైపు మెరుస్తోంది కదా అని నేరుగా తుప్పు తీసే ఆసిడ్ తొట్లో ముంచేవాళ్లే ఎక్కువ. నూనె పొర ఉన్నచోట ఆసిడ్ పట్టదు. తిన్నర్ గుడ్డతో తుడిస్తే చాలంటారు కొందరు. ఒకే గుడ్డతో గేటంతా తుడిస్తే ఈ మూల జిడ్డు ఆ మూలకు పూసినట్టే. వేడి డీగ్రీజర్ (జిడ్డు వదిలించే మందు) తొట్టే సరైనది. అందులో పావుగంట ఉంచి, మంచి నీళ్లతో రెండుసార్లు కడగండి.

ఇప్పుడు ఒక మగ్గు నీళ్లు పై నుంచి పోసి, కదలకుండా చూడండి. నీరు పల్చటి తెరలా పరుచుకుని జారితే సరే. తామరాకు మీద బొట్లలా విడిపోతే జిడ్డు ఉన్నట్టే, మళ్లీ తొట్లోకి. డీగ్రీజర్ సరిగా కడక్కపోయినా నీరు తెరలాగే జారి మోసం చేస్తుంది, అందుకే రెండుసార్లు కడగమన్నాను. ఇంత చాదస్తం దేనికని మా కుర్రాళ్లు నవ్వుతారు. నవ్వనీండి.

బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో రవ్వలు కొట్టి ఇనుమును గీకించడం, చేయిస్తే ఈ గొడవే ఉండదనేవాళ్లున్నారు. జిడ్డు మీద బ్లాస్టింగ్ చేస్తే నూనెను ఇనుములోకి కొట్టినట్టవుతుంది. పల్చటి షీటైతే వంకర్లు పోతుంది. నా ఓటు తొట్లకే.

తర్వాత ఆసిడ్. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. నీళ్లలోకి ఆసిడ్ పోయాలి, ఆసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు. తుప్పు పోగానే తీసేయండి, నానబెడితే ఇనుమునే తినేస్తుంది. పైపు వెల్డింగులో సూదిబెజ్జం ఉంటే ఆసిడ్ లోపల చేరి ఓవెన్‌లో కారుతుంది, ముందే మూయండి. కడిగి, కోటింగ్‌కు పట్టు ఇచ్చే ఫాస్ఫేట్ తొట్లో ముంచితే ఒకే తీరు బూడిదరంగు పొర వస్తుంది. చివరి కడుగుడు ఆర్వో నీళ్లతోనే. బోరు నీళ్ల ఉప్పు కోటింగ్ కింద ఉండిపోయి తర్వాత బుడగలవుతుంది.

వెంటనే ఓవెన్‌లో 110–120 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి. వానాకాలం కృష్ణ ఒడ్డు గాలికి తడి ఇనుము కళ్ల ముందే ఎర్రబడుతుంది. ఆరాక వట్టి చేత్తో ముట్టుకోవద్దు. ఓ మే నెలలో మా కుర్రాడు చెమట చేత్తో ఎత్తిన గేటు శ్రావణంలో తిరిగొచ్చింది, నాలుగు వేళ్లూ బొటనవేలూ అచ్చుగుద్దినట్టు బుడగలతో.

జీఐ (జింకు పూత వేసిన ఇనుము) పైపైతే ఆసిడ్ జోలికి పోకండి, జింకు పొర కరిగిపోతుంది. జిడ్డు తీసి, పౌడర్ కొట్టే ముందు ఓవెన్‌లో ఒకసారి కాల్చండి. లోపలి గ్యాసు అప్పుడే పోకపోతే పౌడర్ కరిగేటప్పుడు దాన్ని పొడుచుకుని పైకొస్తుంది.