పాత రీలు టేపును నేటి కంప్యూటర్‌తో చదవాలంటే

1980ల నాటి అర అంగుళం రీలు టేపు డ్రైవు చేతికొస్తే, వెనుక రెండు 50 పిన్నుల కనెక్టర్లు ఉన్నాయేమో ముందు చూడండి. ఉంటే అది చాలావరకు పెర్టెక్ ఇంటర్‌ఫేస్, అంటే టేపు డ్రైవును కంప్యూటర్‌తో కలిపే ఒక పాత పద్ధతి. సగం పని అయినట్లే. తొమ్మిది ట్రాకుల సంకేతాలను బైట్లుగా మార్చే పని డ్రైవే చేసిపెడుతుంది, మీకు ఒక మైక్రోకంట్రోలర్ బోర్డు (ఒకే చిప్పుతో నడిచే చిన్న కంప్యూటర్) చాలు. అయితే ఆ తీగల్లో నడిచేది 5 వోల్టుల సంకేతం, అదీ తలకిందులుగా: వోల్టేజీ పడిపోతేనే ‘1’. 3.3 వోల్టుల బోర్డును నేరుగా తగిలించకండి. మధ్యలో ఓపెన్ కలెక్టర్ చిప్పులు (తీగ వోల్టేజీని కిందికి లాగడం మాత్రమే చేసేవి), చివర 220/330 ఓమ్‌ల టర్మినేటర్లు (సంకేతం వెనక్కి తిరిగి రాకుండా ఆపే రెసిస్టర్లు) ఉండాలి.

వేగం గురించి బెంగ వద్దు. అంగుళానికి 1600 బైట్లు, సెకనుకు 50 అంగుళాలు అంటే 80,000 బైట్లే.

అసలు మెలకువ భద్రపరచడంలో ఉంది. బైట్లన్నీ ఒకే ఫైల్లో గుమ్మరిస్తే రికార్డుల (టేపు మీద ఒక్కో విడతగా రాసిన డేటా ముక్కల) హద్దులు, టేపు మార్కులు (ఒక ఫైలు ముగిసిందని చెప్పే గుర్తులు) మాయమవుతాయి; తర్వాత ఆ ఫైలును విడదీయడం నరకం. పాత కంప్యూటర్లను అనుకరించే సిమ్‌హెచ్ (SIMH) ఎమ్యులేటర్ టేపు ఫార్మాట్‌లో దాచండి. అందులో ప్రతి రికార్డుకు ముందూ వెనుకా 4 బైట్లలో దాని పొడవు ఉంటుంది. ఆ చోట సున్నా ఉంటే అది టేపు మార్కు.

అన్నట్టు, రీలు వెనుక గాడిలో ప్లాస్టిక్ రింగు కనిపిస్తే టేపు ఎక్కించే ముందే తీసేయండి. అది లేనిదే డ్రైవు టేపు మీద రాయలేదు. మీ ప్రోగ్రామ్ పిచ్చి ఆదేశమిచ్చినా డేటా చెరగదు.