ఇంటి కంప్యూటర్‌కు డయలప్ ఇంటర్నెట్ – మూడో పాఠం: మోడెమ్ కూత వినడం

ఇవి విండోస్ ఎక్స్‌పీ రోజుల పాఠాలు. డయలప్ అంటే మామూలు ఫోన్ లైను మీదే నంబరు తిప్పి ఇంటర్నెట్‌కు కనెక్ట్ కావడం. మోడెమ్ అంటే కంప్యూటర్ సమాచారాన్ని ఆ లైను మీద శబ్దాలుగా పంపి, అందుకునే పరికరం. గోడ సాకెట్ నుంచి వచ్చే వైరు మోడెమ్‌లో ‘లైన్’ అని రాసి ఉన్న చోట, ఫోన్ సెట్టు వైరు ‘ఫోన్’ అని ఉన్న చోట పెట్టడం, డ్రైవర్ (మోడెమ్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్) వేసుకోవడం పోయిన పాఠంలో అయింది. ఇప్పుడు ఒకసారి ఫోనెత్తి డయల్ టోన్ వినండి. శుభ్రంగా ఉండాలి. గరగరమంటుంటే ముందు లైన్‌మన్‌ని పిలిచి బాగు చేయించుకోండి. పాడు లైను మీద ఎన్ని సెట్టింగులు మార్చినా కనెక్షన్ నిలవదు.

విండోస్ ఎక్స్‌పీలో స్టార్ట్, ఆల్ ప్రోగ్రామ్స్, యాక్సెసరీస్, కమ్యూనికేషన్స్ మీదుగా వెళ్లి న్యూ కనెక్షన్ విజార్డ్ తెరవండి. ఇంటర్నెట్‌కు కనెక్ట్ కావడం, మాన్యువల్‌గా సెటప్ చేయడం, డయలప్ మోడెమ్ వాడటం – వరసగా ఈ మూడూ ఎంచుకోండి. పేరు అడిగితే ఏదో ఒకటి పెట్టండి, అది మన గుర్తు కోసమే. ఫోన్ నంబరు దగ్గర మాత్రం జాగ్రత్త. బీఎస్ఎన్ఎల్ వారి ఇంటర్నెట్ సర్వీసు సంచార్‌నెట్ ఖాతా అయితే అప్పట్లో 172233, ముందు ఎస్టీడీ కోడ్ అక్కర్లేకపోయేది. ఇంటర్‌కమ్‌లో సున్నా నొక్కితేనే బయటి లైను వచ్చే చోట 0,172233 అని కొట్టండి. ఆ కామా దగ్గర మోడెమ్ కాసేపు ఆగుతుంది, ఈలోపు బయటి టోన్ వచ్చేస్తుంది.

ఇక డయల్ నొక్కండి. చాలామంది గోల భరించలేక మోడెమ్ స్పీకర్ ఆపేస్తారు. కనెక్షన్ కుదిరేదాకా ఆ పని చేయొద్దు, ఎందుకంటే తప్పు ఎక్కడుందో ఆ చప్పుడే చెబుతుంది. మొదట డయల్ టోన్, తర్వాత నంబర్లు నొక్కిన టిక్‌టిక్‌లు, రింగు, అవతలి మోడెమ్ ఎత్తగానే సన్నటి పొడుగాటి కూత. దాని వెనకే బుసబుసలు, కీచుకీచులు. ఏ వేగంతో మాట్లాడుకోవాలో రెండు మోడెమ్‌లూ తేల్చుకునేది అప్పుడే. ఆ తర్వాత నిశ్శబ్దం, తెరమీద యూజర్ నేమ్, పాస్‌వర్డ్ సరిచూస్తున్నట్టు మాట.

నంబరు తిప్పకుండానే 680 ఎర్రర్ వస్తే మోడెమ్‌కు డయల్ టోన్ అందలేదన్నమాట. వైరు ఊడిందా, ఇంకో గదిలో ఎవరైనా ఫోనెత్తారా చూడండి. అంతా సరిగ్గా ఉండి, చేత్తో చేస్తే కాల్ వెళ్తుంటే, మన ఎక్స్ఛేంజి టోన్‌ను మోడెమ్ గుర్తుపట్టడం లేదని అర్థం. కంట్రోల్ పానెల్‌లో ఫోన్ అండ్ మోడెమ్ ఆప్షన్స్ తెరిచి, మోడెమ్ ప్రాపర్టీస్‌లో ‘వెయిట్ ఫర్ డయల్ టోన్’ దగ్గరున్న టిక్కు తీసేయండి. రింగై ఎవరూ ఎత్తకపోతే 678. అటువైపు రద్దీ కావచ్చు, కాసేపాగి మళ్లీ చేయండి. కూతలన్నీ అయ్యాక 691 వచ్చిందా, టెన్షన్ అక్కర్లేదు. లైను, మోడెమ్ రెండూ బాగున్నాయి. పాస్‌వర్డ్ మళ్లీ కొట్టండి, క్యాప్స్ లాక్ చూసుకోండి.

కనెక్ట్ అయ్యాక గడియారం పక్కన రెండు కంప్యూటర్ల బొమ్మ కనిపిస్తుంది. మౌస్ దానిమీద ఉంచితే వేగం తెలుస్తుంది. మోడెమ్ డబ్బా మీద 56 కేబీపీఎస్ (సెకనుకు 56 కిలోబిట్లు) అని ఉన్నా 40, 45 వస్తే మంచి లైనే. ఆ లెక్కన ఒక ఎంబీ ఫైలు దిగడానికి మూడు నిమిషాల పైనే పడుతుంది.

పని అయ్యాక బ్రౌజర్ మూసేసి ఊరుకోవద్దు, ఫోన్ బిల్లు నడుస్తూనే ఉంటుంది. ఆ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి డిస్‌కనెక్ట్ నొక్కండి. మరిచిపోయే అలవాటుంటే కనెక్షన్ ప్రాపర్టీస్‌లో ఆప్షన్స్ దగ్గర, ఖాళీగా ఉంటే ఎన్ని నిమిషాలకు కట్ కావాలో పెట్టుకోవచ్చు, ఐదు చాలు. ఉరుములు మొదలైతే డిస్‌కనెక్ట్ ఒక్కటే సరిపోదు, ఫోన్ వైరు కూడా సాకెట్ నుంచి పీకేయండి. పిడుగు పోటు ఫోన్ లైను వెంట వస్తే ముందు పోయేది మోడెమే.

వచ్చే పాఠంలో ఎక్స్‌పీతో పాటే వచ్చే మెయిల్ ప్రోగ్రామ్ అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో మెయిల్ పెట్టుకుందాం. కనెక్షన్‌తో పాటు ఇచ్చిన కాగితంలో పాప్ (మెయిల్ అందుకోవడానికి), ఎస్ఎంటీపీ (పంపడానికి) సర్వర్ల పేర్లు ఉంటాయి, అది దగ్గర పెట్టుకోండి.