వీధి వైపు అద్దం ఉన్న న్యూస్ స్టూడియో – పాఠం 3: జనం, బండి, యాంకర్ చూపు

గత పాఠంలో అద్దంలోంచి వచ్చే పగటి వెలుగును ఫిల్మ్ అంటించి ఎలా తగ్గించాలో చూశాం. ఈసారి అద్దానికి అవతల నిలబడే జనం సంగతి.

1952లో న్యూయార్క్‌లో ఎన్‌బీసీ టీవీ వాళ్ళ పొద్దుటి కార్యక్రమం 'టుడే' మొదలైంది కిటికీ స్టూడియోలోనే. అప్పుడే జనం అట్టముక్కల మీద ఏవేవో రాసి పట్టుకుని నిలబడేవారు. నెల్లూరు ట్రంకు రోడ్డులో షాపు అద్దెకు తీసుకుని లోకల్ ఛానల్ పెట్టినా అదే జరుగుతుంది. పైగా మనవాళ్ళు సెల్‌లో లైవ్ చూసుకుంటూ చెయ్యి ఊపుతారు. బయట టీవీ తగిలించారంటే ఇక చెప్పక్కర్లేదు. లైవ్ నడిచేంతసేపు దాన్ని కట్టేయండి.

యాంకర్ అద్దానికి ఎదురుగా కూర్చుంటే చూపు నిలవదు. కదిలేదాని వైపుకి కన్ను తనంతట తనే పోతుంది, ఎంత సీనియర్ అయినా సరే. వీపు అద్దం వైపు పెట్టి, కనీసం రెండు మూడు మీటర్లు ముందుకు జరిపి కూర్చోబెట్టండి. కెమెరాను దూరంగా పెట్టి జూమ్ చేస్తే వెనక మనుషులు మసకబారతారు, అట్టల మీద రాతలు చదవడానికి రావు. అయితే యాంకర్‌కి వెనక ఏం జరుగుతుందో తెలియదు కాబట్టి, అద్దం వైపు చూస్తూ ఒక మనిషి ఉండి తీరాలి.

ఇక అసలు ప్రమాదం బండితో. 2007 డిసెంబర్‌లో షికాగోలో డబ్ల్యూఎల్‌ఎస్ ఛానల్ రాత్రి పది గంటల వార్తలు చదువుతుండగా ఒక మినీవ్యాన్ వచ్చి స్టూడియో కిటికీని గుద్దింది. యాంకర్ ఉలిక్కిపడటం లైవ్‌లోనే కనిపించింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

టఫెన్డ్ గ్లాస్ చాలంటారు షాపువాళ్ళు. అది పగిలితే చిన్న ముక్కలై మొత్తం రాలిపోతుంది, అద్దం ఉన్నచోట ఖాళీ మిగులుతుంది. రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉండే లామినేటెడ్ అడగండి. రాయి తగిలి పగిలినా ముక్కలు పొరకు అంటుకుని ఉంటాయి. బండిని మాత్రం అదీ ఆపలేదు.

నా మాట వింటే డబ్బు మొదట అరుగు కట్టించడానికి ఖర్చు పెట్టండి. స్టూడియో నేలను మూడడుగులు ఎత్తి, ముందు గట్టి కాంక్రీటు గోడ కట్టిస్తే బండి దూసుకు రావడం కష్టమవుతుంది. కెమెరా కూడా జనం తలల మీదుగా చూస్తుంది, వెనక రోడ్డు, బస్సులు మాత్రమే కనిపిస్తాయి. ఫుట్‌పాత్ మీద ఇనుప స్తంభాలు పాతాలంటే కార్పొరేషన్ అనుమతి కావాలి. అరుగు మీ హద్దులోనే ఉంటుంది. ఇల్లుగలాయన ఒప్పుకోవాలి.

రెండో కెమెరాను పక్క గోడ వైపు తిప్పి ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోండి. చావు వార్త చదువుతుంటే వెనక కుర్రాళ్ళు నవ్వుతూ కనపడకూడదు. ఎన్నికలప్పుడు పార్టీ జెండాలు, రొట్టెల పండగ రోజుల్లో రద్దీ – ఇలాంటప్పుడు స్విచ్చర్ (ఒక కెమెరా నుంచి ఇంకోదానికి మార్చే పెట్టె) దగ్గరున్న మనిషి ఎవర్నీ అడక్కుండానే గోడ షాట్‌కి మారిపోవాలి.

అభ్యాసం: సాయంత్రం ఆరు గంటలప్పుడు మీ అద్దం ముందు ఒకరిని చెయ్యి ఊపుతూ నిలబెట్టి, యాంకర్‌ను అద్దానికి ఎదురుగా కూర్చోబెట్టి ఐదు నిమిషాలు వార్తలు చదివించి రికార్డు చేయండి. సౌండ్ తీసేసి చూడండి. యాంకర్ చూపు ఎక్కడెక్కడ పక్కకి పోయిందో రాసుకుని ఉంచండి. హారన్ల గొడవ వచ్చే పాఠంలో.