తెరమీద ‘యాక్సెప్ట్’ నొక్కకండి: విదేశాల్లో నగదు తీసుకునేవారికి జాగ్రత్తలు

సెలవుల సీజన్ మొదలైందంటే ఒకే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వినబడుతుంది. పరాయి దేశంలో ఏటీఎం నుంచి డబ్బు తీశారు. కార్డు పోలేదు, పిన్ ఎవరూ చూడలేదు, లెక్క ప్రకారం నోట్లూ సరిగ్గానే వచ్చాయి. తీరా స్టేట్‌మెంట్ చూసుకుంటే పోవాల్సిన దానికంటే పదో వంతు ఎక్కువ కోత పడింది. బ్యాంకుకి ఫోన్ చేస్తే “మీరే ఒప్పుకున్నారు కదండీ” అంటారు. నిజమే, ఒప్పుకున్నారు. ఏం ఒప్పుకున్నారో తెలియకుండా ఒప్పుకున్నారు.

జేబుదొంగల సంగతి, పాస్‌పోర్టు కాపీల సంగతి అందరూ చెప్పేవే. వాటిని ఇక్కడ వదిలేస్తున్నాను. దొంగలు కొందరినే దోస్తారు. ఈ ఒక్క బటన్ మాత్రం చదువుకున్నవాళ్లనీ, పది దేశాలు తిరిగినవాళ్లనీ కూడా రోజూ దోస్తూనే ఉంది, అదీ రసీదు ఇచ్చి మరీ.

ఆ బటన్ కథ

కార్డు పెట్టి, పిన్ కొట్టి, ఎంత కావాలో ఎంచుకున్నాక యంత్రం ఒక ప్రశ్న వేస్తుంది. ఈ మొత్తాన్ని మీ సొంత కరెన్సీలోకి మార్చి లెక్కగట్టాలా, స్థానిక కరెన్సీలోనే ఉంచాలా అని. చూడటానికి ఉపకారంలాగే ఉంటుంది. తెలిసిన కరెన్సీ, తెలిసిన అంకె, పైగా ‘గ్యారంటీడ్ రేట్’ అన్న భరోసా. దీని పేరు డైనమిక్ కరెన్సీ కన్వర్షన్, పొట్టిగా డీసీసీ. ఒప్పుకున్నారంటే ఇక మారకం రేటు పెట్టేది మీ బ్యాంకూ కాదు, వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్కూ కాదు. ఆ ఏటీఎం నడిపేవాడూ, అతనికి ఈ ఏర్పాటు అమ్మిన కంపెనీ కలిసి పెడతారు. తేడా ఇద్దరూ పంచుకుంటారు. గ్యారంటీ ఉన్న మాట నిజమే, అది చెడ్డ రేటుకి గ్యారంటీ.

అంకెల్లో చూడండి. మీకు 10,000 స్థానిక నోట్లు కావాలి. కార్డు నెట్‌వర్క్ రేటు ఒకటికి 2 అనుకుంటే మీ ఖాతాలోంచి 20,000 పోవాలి. యంత్రం 2.24 రేటు చూపించి 22,400 తీసుకుంటుంది. ఒక్క నొక్కుతో 2,400 పోయాయి, అంటే 12 శాతం. ఇది అతిగా చెప్పిన లెక్క కాదు. షాపుల్లో ఈ అదనం సాధారణంగా 3 నుంచి 7 శాతం దాకా ఉంటుంది. పర్యాటకులు తిరిగే వీధుల్లో, బ్యాంకుతో సంబంధం లేకుండా గోడకి తగిలించిన ఏటీఎంలలో 10 శాతం దాటడం మామూలే. దీనిమీద కొసరు కూడా ఉంది. లావాదేవీ విదేశంలో జరిగింది కాబట్టి, కరెన్సీ మార్చకపోయినా చాలా బ్యాంకులు తమ విదేశీ లావాదేవీ రుసుము తాము వేసేస్తాయి. అంటే వడ్డన రెండుసార్లు.

యంత్రం ముందు నిలబడ్డప్పుడు రెండు తెరలు వస్తాయి. వాటిని కలిపేసుకోవడం వల్లే జనం బోల్తా పడతారు.

ఒకటి ఫీజు తెర. ఈ ఏటీఎం వాడినందుకు ఇంత తీసుకుంటాం, సరేనా అంటుంది. దీనికి ‘కాదు’ అంటే లావాదేవీ ఆగిపోతుంది. నచ్చితే ఒప్పుకోండి, నచ్చకపోతే కార్డు తీసుకుని ఇంకో బ్యాంకు ఏటీఎంకి వెళ్లండి.

రెండోది కన్వర్షన్ తెర. దీనికి ‘కాదు’ అంటే లావాదేవీ ఆగదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. ‘డిక్లైన్ కన్వర్షన్’ నొక్కినా, ‘వితౌట్ కన్వర్షన్’ నొక్కినా అవే నోట్లు, అంతే మొత్తం వస్తాయి. రేటు మాత్రం మీ కార్డు నెట్‌వర్క్‌ది పడుతుంది. డిక్లైన్ అంటే డబ్బు రాదేమో అన్న మీ భయమే వాళ్ల పెట్టుబడి. అందుకే ‘యాక్సెప్ట్’ పెద్దగా ఆకుపచ్చగా ఉంటుంది, రెండోది మూలన వెలిసిపోయినట్టు ఉంటుంది. కొన్ని యంత్రాలు కాదన్నాక కూడా వదలవు. ‘నిజంగానే వద్దా, రేటు మారిపోవచ్చు’ అని ఇంకోసారి అడుగుతాయి. వద్దు అంటే వద్దే. ఎక్కడైనా యంత్రం అలిగి డబ్బు ఇవ్వకపోతే కార్డు తీసుకుని పక్క బ్యాంకుకి నడవండి.

యూరోపియన్ యూనియన్‌లో ఈ మార్కప్‌ని, అంటే రేటుమీద వేసే అదనాన్ని, యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ రేటుతో పోల్చి శాతంలో చూపించాలన్న నిబంధన 2020 ఏప్రిల్ నుంచి ఉంది. తెరమీద చిన్న అక్షరాల్లో ఆ శాతం కనబడితే చదవండి, కళ్లు తెరుచుకుంటాయి.

షాపులో, హోటల్లో, రెస్టారెంట్‌లో కూడా ఇదే ప్రశ్న. అక్కడ ఇంకో చిక్కు ఉంది. మీ తరఫున బటన్ వాళ్లే నొక్కేస్తారు. ఎంపిక కస్టమర్‌కే వదలాలని కార్డు నెట్‌వర్క్‌ల నియమాలు చెప్తాయి, కౌంటర్ దగ్గర రద్దీలో అది ఎవరికీ గుర్తుండదు. కాబట్టి కార్డు ఇచ్చే ముందే “లోకల్ కరెన్సీ” అని నోటితో చెప్పండి. పిన్ కొట్టే ముందు తెరమీద ఉన్నది ఏ కరెన్సీ గుర్తో చూడండి. స్లిప్‌లో మీ సొంత కరెన్సీ అచ్చయిందంటే అక్కడే నిలబడి రద్దు చేయించి మళ్లీ గీయించండి. ‘నాకు ఎంపిక ఇచ్చారు, నేను ఒప్పుకున్నాను’ అన్న వాక్యం కింద సంతకం పెట్టకండి. పెట్టి బయటికి వచ్చాక బ్యాంకులో మీ మాట చెల్లడం కష్టం.

కౌంటర్ దగ్గర నోట్లు మార్చేటప్పుడు

‘జీరో కమిషన్’ బోర్డు చూసి లోపలికి వెళ్లకండి. కమిషన్ లేనిచోట లాభం రేటులో దాక్కుంటుంది. ఏ కౌంటర్ ఎంత గుంజుతుందో తెలుసుకునే పద్ధతి తేలిక: బోర్డుమీద కొనే రేటు, అమ్మే రేటు రెండూ చూడండి. కొనేది 96, అమ్మేది 100 అయితే మధ్య రేటు 98, మీకు పోయేది సుమారు 2 శాతం. కొనేది 84, అమ్మేది 112 అయితే మధ్య రేటు 98, పోయేది 14 శాతం పైమాటే. ఆ రెండు అంకెల మధ్య దూరమే కౌంటర్ జాతకం. ఎయిర్‌పోర్టుల్లో ఆ దూరం సాధారణంగా ఎక్కువే. తప్పదంటే ఊళ్లోకి చేరడానికి సరిపడా మార్చుకుని ఊరుకోండి.

బయట పెద్ద అక్షరాల్లో మెరిసే రేటు చాలాసార్లు వాళ్లు అమ్మే రేటు. మీరు మీ నోట్లు ఇచ్చేటప్పుడు మీకు పడేది వాళ్లు కొనే రేటు. లేదా అది పెద్ద మొత్తం మార్చేవాళ్లకే ఇచ్చే ‘వీఐపీ’ రేటు అయి ఉంటుంది. నోటు కిటికీలోంచి లోపలికి నెట్టే ముందు ఒకే ప్రశ్న అడగండి: ఇది ఇస్తే, అన్నీ పోగా, నా చేతికి ఎంత వస్తుంది? అంకె కాగితంమీద రాయించండి, లేదా క్యాలిక్యులేటర్‌మీద చూపించమనండి. ఆ తర్వాతే నోటు ఇవ్వండి.

చెక్ రాజధాని ప్రాగ్‌లో ఇలాంటి కౌంటర్ల మీద గోల ఎంత ముదిరిందంటే, చివరికి చట్టమే మార్చారు. 2019 ఏప్రిల్ నుంచి చెక్ రిపబ్లిక్‌లో 1,000 యూరోల విలువ లోపు మార్చుకున్న నగదుని మూడు గంటల్లోపు అదే సంస్థ దగ్గరికి వెళ్లి రద్దు చేసుకోవచ్చు. రసీదు ఉండాలి. ఈ సౌకర్యం వేరే దేశాల్లో కూడా ఉంటుందనుకుని ధీమాగా ఉండకండి.

ఇండోనేషియాలోని బాలిలో పద్ధతి వేరు. రేటు ఊరందరికన్నా మేలుగా ఉంటుంది, మోసం లెక్కపెట్టడంలో ఉంటుంది. చిన్న నోట్లు కట్టలుగా పేర్చి మీ ముందే లెక్కిస్తారు, మీరూ లెక్కిస్తారు, సరిపోతుంది. “ఇంకోసారి చూస్తా” అని తీసుకుని బల్లకి కొట్టి సర్దుతూ పైనుంచి కొన్ని బల్ల వెనక్కి జార్చేస్తారు. దీనికి ఒకే మందు: ఆఖరుగా లెక్కపెట్టేది మీరే కావాలి. మీరు లెక్కపెట్టాక ఆ కట్టని ఇంకెవరి చేయీ తాకకూడదు. తాకితే మళ్లీ మొదటి నుంచి లెక్క. అక్కడి కేంద్ర బ్యాంకైన బ్యాంక్ ఇండోనేషియా లైసెన్సు ఉన్న దుకాణాలు ఆ గుర్తు కనబడేలా పెట్టుకుంటాయి. సావనీర్ కొట్టు వెనక గదిలో బల్ల వేసుకున్నవాడి దగ్గరికి వెళ్లకండి.

బయల్దేరే ముందు

కార్డులు రెండు, వేర్వేరు బ్యాంకులవి, కుదిరితే వేర్వేరు నెట్‌వర్క్‌లవి. రెండూ ఒకే పర్సులో వద్దు. విదేశీ వాడకం, రోజువారీ పరిమితి యాప్‌లో ముందే తెరిచి పెట్టుకోండి. బ్యాంకు ఓటీపీ వచ్చే సిమ్ అక్కడ పనిచేయాలి. పిన్ అంకెల్లోనే గుర్తుపెట్టుకోండి. కొందరికి వేళ్ల కదలిక గుర్తుంటుంది కానీ అంకె గుర్తుండదు, కీప్యాడ్‌మీద వరస తిరగబడి ఉంటే అక్కడే చేతులెత్తేస్తారు.

క్రెడిట్ కార్డుతో నగదు తీయడం కొరివితో తల గోక్కోవడమే. షాపింగ్‌కి ఉండే వడ్డీ లేని గడువు నగదుకి ఉండదు. తీసిన రోజు నుంచే వడ్డీ, దానిమీద విడిగా రుసుము. ఏటీఎంకి డెబిట్ కార్డే వాడండి.

డాలర్లు పట్టుకెళ్తుంటే కొత్తవి, మడత లేనివి, గీత లేనివి, స్టాంపు పడనివి. ఇండోనేషియా, మయన్మార్ లాంటి చోట్ల చిన్న మరక ఉన్నా తిప్పి ఇచ్చేస్తారు. 100 డాలర్ల నోట్లలో 2013లో వచ్చిన నీలి పట్టీ డిజైన్ అయితే పేచీ ఉండదు. చాలాచోట్ల 100 నోటుకి ఇచ్చే రేటు 5, 10 నోట్లకి ఇవ్వరు. ఇంట్లో పాత బ్రిటిష్ కాగితపు నోట్లు మిగిలి ఉన్నాయా? 20, 50 పౌండ్ల కాగితపు నోట్లు 2022 సెప్టెంబర్ 30 తర్వాత అక్కడి దుకాణాల్లో చెల్లవు.

ఇక మిగతావి వరసగా

ఏటీఎం అంటే బ్యాంకు శాఖకి ఆనుకుని ఉన్నదే. అదీ బ్యాంకు తెరిచి ఉన్న వేళల్లో. కార్డు మింగేస్తే లోపలికి వెళ్లి అడగడానికి మనిషి ఉంటాడు.

జపాన్‌లో కార్డు తిరస్కరిస్తే కంగారుపడకండి. విదేశీ కార్డులు తీసుకోని ఏటీఎంలు అక్కడ ఇంకా ఉన్నాయి. సెవెన్ ఎలెవెన్ దుకాణంలోదో పోస్టాఫీసుదో చూసుకోండి.

ఫీజు ప్రతిసారీ ఒకే మొత్తం అయితే కొంచెం కొంచెంగా తీయకండి. థాయిలాండ్‌లో విదేశీ కార్డుకి ఒక్కోసారి 220 బాట్, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ. 2,000 బాట్ తీస్తే 11 శాతం ఫీజుకే పోయింది. 20,000 తీస్తే 1.1 శాతం. ఒకేసారి తీసి, రెండుచోట్ల దాచండి.

కన్వర్షన్ వద్దు. ఫీజు తెర తర్వాత వస్తుంది. వద్దు.

కార్డు పెట్టే రంధ్రం చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ని వేలితో లాగి చూడండి. కదిలితే వదిలేయండి, అది కార్డు వివరాలు దొంగిలించే పరికరం కావచ్చు.

పిన్ కొట్టేటప్పుడు రెండో చేయి అడ్డం. వెనక ఎవరూ లేకపోయినా అడ్డమే, కెమెరా పైన ఉండొచ్చు.

డబ్బు వచ్చాక కార్డు బయటికి వచ్చే యంత్రాలు ఉన్నాయి. నోట్లు చూసి మురిసిపోయి వెళ్లిపోకండి.

కార్డు ఇరుక్కుందా? “పిన్ మళ్లీ కొట్టి చూడండి” అని సలహా ఇచ్చే అపరిచితుడు సాయానికి రాలేదు. అక్కడి నుంచే యాప్‌లో కార్డు బ్లాక్ చేయండి.

నోట్లు రాకుండా ఖాతాలో కోత పడితే స్లిప్ దాచండి. ఏటీఎం నంబరు, సమయం ఫోటో తీయండి. ఆ రోజే ఫిర్యాదు పెట్టండి.

వీధిలో మంచి రేటు ఇస్తానన్నవాడితో మాట కలపకండి. ప్రాగ్‌లో చెక్ క్రౌన్లని చెప్పి హంగేరీ ఫోరింట్లు, చెల్లని పాత బెలారస్ రూబుళ్లు అంటగట్టిన ఘనులు ఉన్నారు.

మఫ్టీలో వచ్చి “పోలీసులం, మీ నోట్లు నకిలీవేమో చూడాలి” అన్నవాడికి పర్సు ఇవ్వకండి. స్టేషన్‌కి పోదాం పదండి అనండి.

కొత్త దేశంలో దిగిన రోజే నోట్లన్నీ ఒకసారి బల్లమీద పరిచి చూడండి. వియత్నాంలో 20,000 డాంగ్, 500,000 డాంగ్ రెండూ నీలమే, తేడా 25 రెట్లు. ఈజిప్టులో 50 పియాస్టర్ల నోటు 50 పౌండ్ల చిల్లర కింద వచ్చేస్తుంది, తేడా వంద రెట్లు.

ట్యునీషియా దినార్లు దేశం దాటించకూడదు. మొరాకో దిర్హాములైతే 2,000 దాకానే. అక్కడ మార్చిన రసీదులు పారేయకండి, మిగిలింది తిరిగి మార్చుకోవాలంటే అడుగుతారు.

10,000 డాలర్లు దాటిన నగదుతో అమెరికాలోకి, 10,000 యూరోలు, ఆపైన ఉన్న నగదుతో యూరోపియన్ యూనియన్‌లోకి వెళ్తుంటే డిక్లరేషన్ తప్పనిసరి. తీసుకెళ్లడం నేరం కాదు, చెప్పకపోవడం నేరం. అమెరికాలో ఒకే కుటుంబంగా డిక్లేర్ చేస్తే లెక్క అందరిదీ కలిపి.

హోటల్ డిపాజిట్ స్లిప్ కూడా చదవండి. గది ఖాళీ చేసేటప్పుడు బిల్లు సొంత కరెన్సీలో వేస్తామన్న వాక్యం చెక్ ఇన్ కాగితంలోనే ఉండొచ్చు. కొట్టేసి సంతకం పెట్టండి.

బుకింగ్ సైట్లలోనూ అంతే. చెల్లింపు పేజీలో కరెన్సీ దానంతటదే మారిపోయి ఉంటే వెనక్కి మార్చండి.

మార్చుకున్న చోటు దాటకముందే లెక్క. దాటాక మీ మాటకి సాక్ష్యం లేదు.

నాణేలు చాలాచోట్ల తిరిగి మార్చరు. చివరి రెండు రోజుల్లో చిల్లరంతా ఖర్చుపెట్టేయండి, తక్కువైతే మిగతాది కార్డుతో ఇవ్వండి. ఆ కార్డు యంత్రం కూడా ఏ కరెన్సీ అని అడుగుతుంది. స్థానిక కరెన్సీ.