రాళ్ల జబ్బుకు 24 గంటల మూత్రం పట్టే పద్ధతి

మూత్రపిండాల్లో రాళ్లు పదే పదే ఏర్పడుతుంటే, కారణం తేల్చడానికి వైద్యులు 24 గంటల మూత్ర పరీక్ష రాస్తారు; అందులో కాల్షియం, ఆక్సలేట్, సిట్రేట్, యూరిక్ యాసిడ్, సోడియం ఎంతెంత పోతున్నాయో కొలుస్తారు. ఉదయం 6 గంటలకు మొదలుపెడితే, అప్పుడు వచ్చిన మూత్రాన్ని పట్టకుండా వదిలేసి, సమయం మాత్రం రాసిపెట్టుకోవాలి. ఆ తరువాత వచ్చినదంతా, మలవిసర్జన వేళ వచ్చేదానితో సహా, ల్యాబ్ ఇచ్చిన క్యానులోనే చేర్చి, మర్నాడు 6 గంటల మూత్రంతో ముగించాలి. ఒక్కసారి మరిచినా లెక్క తప్పుతుంది కనుక, దాచకుండా ల్యాబ్‌కు చెప్పి మళ్లీ మొదలుపెట్టడమే మేలు. క్యానులో ముందే ఆమ్లం వేసి ఉంటే అది చర్మాన్ని కాలుస్తుంది. అందుకే మూత్రాన్ని ముందు శుభ్రమైన పొడి మగ్గులో పట్టి, క్యానులోకి నెమ్మదిగా ఒంపాలి. పరీక్ష ఉందని ఆ ఒక్కరోజు ఆవకాయ మానేసి, బిందెడు నీళ్లు తాగితే ఫలితం మంచిగానే కనిపిస్తుంది గానీ, రోగమెక్కడుందో తెలియదు.