బొటాక్స్ మోతాదును నిర్ణయించే పద్ధతి

కండరాలను సడలించి ముఖంపై గీతలు తగ్గించే మందు బొటులినం టాక్సిన్; బొటాక్స్, డిస్‌పోర్ట్ వేర్వేరు కంపెనీలు దాన్ని అమ్మే పేర్లు. ఈ మందును యూనిట్లలో కొలుస్తారు. ఒక కంపెనీ యూనిట్ మరొకదానికి సమానం కాదు. కనుబొమల నడుమ గీతలకు బొటాక్స్ ఆమోదిత మోతాదు 20 యూనిట్లు కాగా, డిస్‌పోర్ట్‌కు అది 50 యూనిట్లు. అందుకే పాత చీటీలోని అంకెను కొత్త మందుకు వర్తింపజేయడం ప్రమాదకరం.

100 యూనిట్ల బొటాక్స్ సీసాలో 2.5 మిల్లీలీటర్ల సెలైన్ కలిపితే ప్రతి 0.1 మిల్లీలీటరులో 4 యూనిట్లు ఉంటాయి కనుక, కనుబొమల నడుమ ఐదు చోట్ల నాలుగేసి యూనిట్లు ఇస్తారు. అయితే చర్మవైద్యులు ముందుగా ముఖం చిట్లించమని చెప్పి, కండరం ఎంత బలంగా ముడిపడుతుందో చూసి, వేలితో తాకి గానీ సూది పట్టకూడదు. పక్క సూదులు కంటిపై ఎముక అంచుకు కనీసం 1 సెంటీమీటరు ఎగువన దిగాలి. మందు కిందికి పాకితే రెప్ప వాలిపోతుంది. తొలిసారి తక్కువతో మొదలుపెట్టి రెండు వారాల తరువాత సరిచూడటమే నా దృష్టిలో మేలు. మళ్లీ చికిత్సకు మూడు నెలలైనా ఆగాలి.

తిరుపతి ఎండల్లో నిల్వ విషయం మరీ ముఖ్యం: సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, కలిపిన మందును 24 గంటల్లోపు వాడాలి. సీసాను మీ ఎదుటే తెరవమని అడగడానికి మొహమాటపడకండి. తిరుమలలో పెళ్లి పెట్టుకున్నవారు నెల ముందే చేయించుకోవాలి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మయస్థీనియా వంటి నరాల, కండరాల జబ్బులున్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. సూది వేయించుకున్న తరువాత మింగడం, మాట్లాడటం, ఊపిరి పీల్చడం కష్టమైతే, వారాలు గడిచినా సరే, వెంటనే తిరుపతిలోని రుయా లేదా స్విమ్స్ ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి.