మా ఫించ్ పిట్టలకు రాత్రి నిద్ర ఎలా కుదిరింది: నా అనుభవం

దీపం ఆర్పగానే మా జీబ్రా ఫించ్ జంట పంజరంలో టపటపా కొట్టుకునేది. ఒక ఉదయం మగపిట్ట రెక్క మీద నెత్తురు మరక చూసి నా ప్రాణం విలవిలలాడింది. ఆడపిట్టేమో విరామం లేకుండా గుడ్లు పెడుతూ చిక్కిపోయింది.

మొదటి తప్పు పంజరం. ముచ్చటగా ఉందని ఎత్తైన గుండ్రటిది కొన్నాను. ఫించ్‌లు చిలకల్లా ఊచలు పట్టుకుని పాకవు, అడ్డంగా ఎగురుతాయి. వాటికి కావలసింది ఎత్తు కాదు, పొడవు. 3 అడుగుల పొడవు, ఊచల మధ్య ఒక సెంటీమీటరు సందు ఉన్నది తెచ్చి, రెండు చివర్లా జామ కొమ్మలు బిగించాను.

అసలు చిక్కు వెలుతురుతోనే. హాల్లో రాత్రి 11 దాకా లైటు వెలిగేది. పగలు అలా సాగితే ఫించ్‌ల శరీరం గుడ్లు పెట్టడానికి సిద్ధమవుతుంది. పంజరాన్ని పక్కగదిలోకి మార్చి, ఎల్ఈడీ దీపానికి టైమర్ పెట్టి వెలుతురును రోజుకు 12 గంటలకు కుదించాను. అది ఆరడానికి అరగంట ముందే ఒక మసక దీపం వెలుగుతుంది. చీకటి ఒక్కసారిగా మీద పడకపోవడంతో పిట్టలు నెమ్మదిగా కొమ్మ చేరుకుంటున్నాయి. గూడు బుట్ట తీసేసి, సున్నం (కాల్షియం) కోసం కటిల్ బోన్, అంటే కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లోని తెల్లటి పెంకు, వేలాడదీశాను.

ఆ సున్నం ఒంటబట్టడానికి కావలసిన విటమిన్ డి తయారయ్యేది ఎండలోని అతినీలలోహిత-బి కిరణాల వల్ల; కిటికీ అద్దం వాటిని చాలావరకు ఆపేస్తుంది. అందుకే పొద్దున కాసేపు పంజరాన్ని బాల్కనీలో, సగం నీడ ఉండేలా పెడుతున్నాను. కాకులు, పిల్లుల భయంతో పక్కనే కూర్చుంటాను. ఆడపిట్ట ఇప్పుడు కొర్రలు ఇష్టంగా తింటోంది.